కన్నెమాను కాసిన కాయ

వళ్ళియమ్మాళ్ పెళ్ళి ఇంకా వారం ఉందనగా కన్నెమాను కాయ కాసింది. ఊరు ఊరంతా హడలిపోయింది. ఆ పని చేసిందెవరో నల్లసామి ఒక్కడికే తెలుసు.

నల్లసామి ఉండేది తేని ఊరికి పైన, కొండల్లో, గడ్డి కప్పిన గుడిసెలో. కోయంబత్తూరులో కాపురమున్న కంపెనీ డాక్టరు మెక్రీ దొర దగ్గర అతనికి కొలువు. ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని మొక్కల్ని వెతికి, పూలతో సహా కోసి, కాగితాల మధ్య అణిచి, ఆరబెట్టి పంపాలి. దొర వాటిని భూతద్దం కింద చీల్చి చూసి, వివరం రాసి, పేరు పెట్టి పుస్తకానికెక్కిస్తాడు. పెళ్ళాం తొలికాన్పులో పోయిన ఏడే నల్లసామి ఊరు విడిచి ఈ పనిలో చేరాడు. కొండమీద మాట్లాడే మనిషి లేడు. వానలు పట్టుకుంటే వారాల తరబడి నోరు తెరిచే పని ఉండేది కాదు; ఎప్పుడైనా దగ్గితే ఎవరో వచ్చారని తనే ఉలిక్కిపడేవాడు.

గుడిసె వెనక ఒక చెట్టు. ఏటా ఒళ్ళంతా పూసేది. పసుపు పొడి రాల్చి ఊరుకునేది. కాయ మాత్రం లేదు.

"ఇది మగచెట్టు," అన్నాడు దొర, పోయినసారి కొమ్మ చూసి. "ఆడచెట్టు వేరే ఎక్కడో ఉంటుంది. దాని కాయ చూడందే పేరు పెట్టను. ఇదివరకు ఒకసారి తొందరపడి, కలకత్తా పండితులచేత నవ్వించుకున్నాను. వానలకి ముందే నేను ఓడెక్కుతున్నాను, నల్లసామీ. ఈలోగా కాయ తెచ్చావా, ఈ చెట్టుకి నీ పేరే పెడతాను."

నల్లసామికి ఆ రోజు అన్నం సహించలేదు. తన తరవాత తన పేరు పలికే బిడ్డ లేడు. చెట్టయితే ఉంటుంది కదా! ఆ ఆశతో లోయలన్నీ గాలించాడు. జలగలు పీక్కుతిన్నాయి, కాలు బెణికింది, ఆడచెట్టు దొరకలేదు.

అప్పుడే ఏలకులు మోసుకెళ్ళే వాళ్ళతో అక్క తాయమ్మాళ్ కబురంపింది. కూతురు వళ్ళియమ్మాళ్‌కి సంబంధం కుదిరింది. తాయిమామ, అదే మేనమామ, రాకుంటే కొమ్మ కోసేదెవరు?

వాళ్ళ ఊరు కొండమనాయకనూరు. నల్లరేగడిలో పత్తీ జొన్నా పండించే తెలుగు నాయకర్ల ఊరు. అక్కడ పెళ్ళికి పొలిమేరలో పచ్చాకు గుడిసె వేస్తారు. దాని నెత్తిన కన్నెమాను కొమ్మ ఉండాలి. దాన్ని పెళ్ళికూతురి మేనమామే కోయాలి. ఆ చెట్టు ఎన్నడూ కాయ ఎరగదు. అందుకే కన్నె, అందుకే దేవత. మగవాళ్ళెవరూ పెళ్ళికి తప్ప దాన్ని ముట్టుకోరు.

నిశ్చయతాంబూలాలకి వచ్చిన నల్లసామి దాని ముందు నిలబడి బిగుసుకుపోయాడు. చిన్నప్పుడు దూరంనుంచి దణ్ణం పెట్టాడే గాని ఆకు తిప్పి చూసిందెప్పుడు? అదే ఆకు. అదే బెరడు. పువ్వు విప్పితే పొడి లేదు, నడుమ కాయ కట్టే చిన్న బుడిపె ఉంది. ఇన్నాళ్ళూ కొండమీద అది, కొండకింద ఇది!

మర్నాడే కొండెక్కాడు. మగపూల గుత్తులు తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. జనం పొలాల్లో ఉన్న వేళ చూసి చెట్టెక్కి, అందిన కొమ్మలన్నిటి మీదా పొడి దులిపాడు. పెళ్ళి వారంలోకి వచ్చేసరికి ఆ కొమ్మలు ఉసిరికాయంతేసి కాయలతో వంగాయి.

తను కొమ్మ కోసేలోగా నాలుగు కాయలు తెంపుకోవచ్చు, ఎవరికీ తెలియదనుకున్నాడు. మేకలు కాసుకునే ముసలిది ముందుగా చూసేసింది.

చావడి దగ్గర ఊరంతా చేరింది. చెట్టు చుట్టూ అప్పటికే కాపలా పెట్టారు. పెళ్ళికొడుకు తండ్రి గురుసామి తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు.

"కన్నెమానుకే కడుపొచ్చిన ఊళ్ళో పిల్లని ఎట్లా చేసుకునేది? మీ పిల్ల సంగతేదో అమ్మే చెప్తుండాది!"

"నోరు నీళ్ళతో అలంబుకోని మాట్లాడన్నా!" తాయమ్మాళ్ లేచింది. "తండ్రి లేని పిల్లంటే అంత ఇళప్పమా, అంత చులకనా నీకు?"

"నేనా చెప్తుండేది? చెట్టు చెప్తుండాదమ్మా!"

ఊరిపెద్ద పెరియసామి చెయ్యెత్తాడు. "ఊరుకోండి. అమ్మ తానుగా కాసిందంటే పెండ్లి ఆపేయాల్సిందే. ఆ చెట్టు పక్కకి ఎవరూ పోకూడదు. మనిషి చెయ్యి పడి కాసిందంటే దోషం ఆ మనిషిది. పిల్లకీ చెట్టుకీ సమ్మంధం లేదు. కాసిన కొమ్మలు నరికి కాల్చేసి, మిగిలిన కొమ్మతో పెండ్లి జరిపిస్తాము. ఆ పని చేసినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

నల్లసామి లెక్క చూసుకున్నాడు. నోరు మూసుకుంటే చాలు. కాయలు చెట్టుమీదే పండుతాయి, కాపలా సడలినాక ఒకటి కోసుకుంటే పుస్తకంలో తన పేరు. నోరు విప్పితే కాయలు మంటల్లో. గుంజ చాటున వళ్ళియమ్మాళ్ నిలబడి ఉంది. పెళ్ళికి పూసుకున్న పసుపు కన్నీళ్ళతో గీతలు పడి ఉంది.

"నేనుదా చేసింది పెద్దాయనా," అన్నాడు లేచి.

"నువ్వేం చేస్తివిరా చెట్టుని?"

"కొండమీద దీని మగచెట్టు ఉండాది. ఆ పూలు తెచ్చి దీని పూలమీద దులిపితిని. చెట్లలోనూ ఆడా మగా ఉండాయి."

"చెట్టుకి మాప్పిళ్ళైని, పెండ్లికొడుకుని తెచ్చినాడురా!" వెనకనుంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

పెరియసామి నవ్వలేదు. "తెలిసే చేస్తివా?"

"ఆమా, తెలిసే."

"అయితే ఈ ఊళ్ళో నీకు నిప్పు లేదు, నీళ్ళు లేవు. ఇకమీద నీ పేరు ఎవరి నోటా రాకూడదు. మేనమామ జాగాలో నేను కోస్తాను కొమ్మ."

గురుసామి గొణుక్కుంటూనే తాంబూలం అందుకున్నాడు. తాయమ్మాళ్ తలెత్తలేదు. నల్లసామి కంబళి భుజాన వేసుకుని పొలిమేర దాటి ఒక రాతిమీద కూలబడ్డాడు.

ఊరవతల పొగ లేచింది. కాసేపటికి తాయమ్మాళ్ మేకని లాక్కుంటూ అటు వచ్చింది. పొలిమేర రాయికి ఊరివైపునే ఆగింది. తమ్ముడివైపు చూడకుండా మేక మెడ నిమిరింది.

"వినవే," అంది మేకతో. "కొంపలో ఒకడుండె. పేరు చెప్పకూడదంట. వాడికి బుద్ధి లేదు. చిన్నప్పటినుంచీ లేదు. చెట్టుకి కాన్పు చేసినాడంట, మంత్రసాని మాదిరి!"

నల్లసామికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పలికితే అక్కకి తప్పు పడుతుందని కంబళి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పిల్ల పెండ్లి గట్టెక్కింది. నువ్వు అడగలే, నేను చెప్పలే. కొమ్మలు కాల్చమని నాకే అప్పజెప్పిరి. కాలిస్తిని. కొంగులో ఏమో తగులుకోని వచ్చింది. నాకెందుకిది?" కొంగు దులిపింది. రెండు కాయల రెమ్మ ఒకటి పొలిమేర రాయికి అవతల, తమ్ముడి వైపు దుమ్ములో పడింది. "నడువే. పొద్దు పోతుండాది."

మేక కదల్లేదు. తాయమ్మాళ్ కూడా చాలాసేపు కదల్లేదు.

కోయంబత్తూరులో దొర సామాను పెట్టెల్లో సర్దేశాడు. కాయ చూడగానే కుర్చీ లాక్కున్నాడు. చాకుతో అడ్డంగా కోశాడు. మూడు అరలు, అరకొక విత్తు. గంటసేపు రాసి, చివర ఒక పొడుగాటి లాటిన్ పేరు చదివాడు. దాని మధ్యలో నల్లసామి పేరు ఉంది.

"ఇంత వెతికి చివరికి మీ ఊళ్ళోనే దొరికిందా! అదృష్టవంతుడివి."

"అవును దొరా. ఆ పేరు ఇంకోసారి చదువుతారా?"

దొర నవ్వి మళ్ళీ చదివాడు. నల్లసామికి ఇంకోసారి అడగాలనిపించింది గాని బాగుండదని ఊరుకున్నాడు.

దొర ఓడెక్కాడు. నల్లసామి కొండెక్కాడు. తరవాతి ఏడు గుడిసె వెనక చెట్టు మళ్ళీ విరగబూసింది. పసుపు పొడి గాలికి లేచి అతని తలమీదా కంబళిమీదా వాలింది. దాన్ని మోసుకెళ్ళడానికి అతనికి ఊరు లేదు.

అతను బెరడు మీద చెయ్యి వేసి, "నల్లసామీ," అని పిలిచాడు.

కాసేపు ఆగి, "ఆఁ," అని తనే పలికాడు.