గంధకం జయానందం

పింగాణీ పలక మీద గంధకం పొడి పోసి, వ్యాజిలిన్ వేసి, వెడల్పాటి చాకుతో ఉండ కట్టకుండా మెదుపుతున్నాడు జయానందం. ఎడమ చెయ్యి మాటిమాటికీ గుండె మీదికి పోతోంది. పొద్దుటి నుంచి అక్కడ పట్టేసినట్టుంది. చెబితే పనికి పోనివ్వదని భార్య లిడియాకు చెప్పలేదు.

మిషన్ దవాఖానాలో కాంపౌండరుగా తల నెరిసిన మనిషి. బజారులోకి ట్యూబు మందులు దిగాక ఆయన మందు అడిగే నాథుడు లేడు. ఇప్పుడు సకల జనుల సమ్మె. పట్నం బస్సు లేదు, ట్యూబు లేదు. ఆడపిల్లల హాస్టల్లో గజ్జి మాత్రం ఏ సమ్మెలోనూ చేరలేదు. వార్డెన్ లలిత కబురంపితే ఆదివారమని కూడా చూడక వచ్చాడు.

పనితనానికేం, మెదక్‌లో ఆయన చేతికి లొంగని గజ్జి లేదు. అయినా చర్చిలో నరకపు అగ్నిగంధకాల గుండం గురించి చదివినప్పుడల్లా జనం ఆయన వైపు తిరిగి నవ్వేవారు. కుండకైతే మూకుడు మూయవచ్చు, ఊరి నోటికి మూయగలమా? వాళ్లు నవ్వగా నవ్వగా తన ఒంటిది ఆ గుండం వాసనేనని ఆయనే నమ్మేశాడు. కూర్చునేది ఆఖరి బెంచీ, ప్రభుభోజనానికి లేచేది అందరి తర్వాత. "ఒక్క ఆదివారమన్న ముందట కూసోవయ్యా, కండ్లార చూస్త" అని లిడియా పెళ్లయిన నాటి నుంచీ పోరుతూనే ఉంది.

ఆరాధనకు పోతూ, కొత్తగా వచ్చిన పాస్టరు గిడియోన్ పిల్లల్ని చూడడానికి వచ్చి పలక మీదికి వంగాడు.

"జర దూరం ఉండుండ్రి అయ్యగారూ. నరకం వాసన అంటుకుంటది."

"ఎవరన్నరు?"

"బైబిలే అన్నది గద!"

గిడియోన్ నవ్వలేదు. "బైబిల్ల గంధకానికి గ్రీకు మాట థేయోన్. 'దేవునిది' అనేతందుకు గూడ గదే మాట. రెండింటి మూలం ఒకటేనో కాదో పండితులకే తేలలే. గని ఆ కాలపోళ్లు దాని పొగ వేసే ఇండ్లు శుద్ధి చేసుకునేటోళ్లు. మీరు చేసేది గదే పని."

చాకు ఆగింది. ముందు జయానందానికి ఒళ్లు మండింది. "గింత మంచి మాట గిన్నేండ్లు ఎవ్వరు చెప్పకపోతిరి!" అన్నాడు. తర్వాత కళ్లు నిండాయి. ఆ మాట పలకబోతే నోరు తిరగక 'తేయోను' అయింది. అయినా బాగానే ఉంది.

"తాతా, మస్తు కంపు!" అంది మందు రాయించుకుంటున్న పిల్ల.

"కంపు గాదే పిచ్చిదానా, దేవుని మాట!"

పని అయ్యాక చేతులు సబ్బుతో ఒక్కసారే కడుక్కున్నాడు. వాసన పోయిందా అని ముక్కు దగ్గర పెట్టుకోలేదు. చర్చిలో ఆఖరి బెంచీ దాటి, నడిమి బెంచీలు దాటి, మగవాళ్ల వైపు మొదటి బెంచీలో కూర్చున్నాడు. అవతలి వైపు నుంచి చూసిన లిడియా పక్కనున్న నిర్మలమ్మను మోచేత్తో పొడిచింది. "గాయిన మా ఆయన!" అంది, నిర్మలమ్మకు తెలియనట్టు.

ప్రభుభోజనానికి మొదట లేచింది జయానందమే. పసుపెక్కిన గోళ్ల అరచేతులు దాచుకోకుండా చాపి రొట్టె అందుకున్నాడు. తిని, వచ్చి కూర్చుని, కళ్లు మూసుకున్నాడు. ఆఖరి కీర్తనకు అందరూ లేచారు. ఆయన లేవలేదు.

మోసుకుపోతుంటే వెనక ఎవరో, "గంధకం జయానందమా పోయింది?" అన్నారు.

ఏడుస్తున్న లిడియా తిరిగి చూసింది. "అవు, గంధకం జయానందమే! ముందు బెంచీల కూసోని పోయిండు" అంది తలెత్తి.

ఆ బెంచీ మీద మడత పెట్టిన రుమాలు ఒకటి మిగిలింది, మూలన పసుప్పచ్చటి బొటనవేలి ముద్రతో.