మూడు గుప్పిళ్ళ పంచదార

రుచి చేతిలో ఉంటుందనీ, దినుసులు అవే అయినా మరొకరి చేతికి అది రాదనీ చాలామంది నమ్ముతారు. గోదాములో ముప్పై ఒక్క ఏళ్ళుగా బస్తాలు తూస్తున్న కాటా గుమాస్తా మాత్రం ఏనాడూ నమ్మలేదు. ఆ ఆదివారం ఉదయం వంటింటి బల్ల మీద చిన్న త్రాసు పెట్టి, ముల్లు సున్నా మీద నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు.

పెళ్ళయిన నాటి నుంచి ప్రతి ఆదివారమూ భార్య పాలలో, గుడ్లలో బ్రెడ్డుముక్కలు నానబెట్టి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చి పెట్టేది. ఆమె మంచం పట్టి నాలుగు నెలలైంది. నోటికి ఇంకా రుచి తెలుస్తుండగానే, ఆ వంటను ఒక్కసారి ఆమెకే తినిపించాలని అతని ఆరాటం.

"పంచదార ఎంతమ్మా?" బ్రెడ్డు కోస్తున్న కూతురు కేకేసింది.

"మూడు గుప్పిళ్ళు," పక్క గదిలోంచి భార్య గొంతు వినిపించింది.

"గుప్పెడంటే ఎన్ని గ్రాములు?" అన్నాడతను.

"గుప్పెడంటే గుప్పెడే! నన్నడిగితే?"

అతను త్రాసూ పంచదార డబ్బా పట్టుకుని మంచం దగ్గరికే వెళ్ళాడు.

"బస్తాలన్నీ అయిపోయాయి, ఇక నన్ను కాటా ఎక్కిస్తున్నారా?" నవ్వబోతే ఆమెకు దగ్గు తెర వచ్చింది. వేలి నుంచి జారకుండా అతనే దారం చుట్టి ఇచ్చిన ఉంగరంతో, ఆ చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. మూడుసార్లు తూచాడు. మూడుసార్లూ ఇరవై ఎనిమిదే. కాగితం మీద రాసుకున్నాడు.

రంగు వచ్చింది, వాసన వచ్చింది. ఆమె మొదటి చెంచా నోట్లో చాలాసేపు ఉంచుకుంది.

"అన్నీ కుదిరాయండీ. తీపే చాల్లేదు."

"సరిగ్గానే తూచానే! త్రాసు పాడైందేమో."

"త్రాసు బాగానే ఉంది నాన్నా." కూతురు దుప్పటి మీదున్న చేతిని చూసింది. "అమ్మ చెయ్యే..."

"చిక్కిపోయిందని చెప్పవే, దాపరికమెందుకు?" ఆమె భర్త చేతిని దగ్గరికి తీసుకుని, వేళ్ళు మూసి, కాస్త వదులు చేసింది. "ఇదిగో, నా పాత గుప్పెడు ఇంతే. వచ్చేవారం దీంతో వెయ్యండి."

గురువారం మధ్యాహ్నం, కూతురు దిండు సర్దుతుండగా ఆమె పోయింది.

ఆదివారం తండ్రీ కూతురూ మళ్ళీ చేశారు. అతను వేళ్ళు కాస్త వదులు చేసి, తూచకుండా, మూడు గుప్పిళ్ళు వేశాడు. తీపి సరిపోయింది.

ఇరవై ఎనిమిది అని రాసిన కాగితం బల్ల మీదే ఉంది. అది ఎగిరిపోకుండా, దాని మీద దారం చుట్టిన ఉంగరం ఉంది.