మీరు దీనిని ఏమంటారు?

"మేము ప్రాతఃకాలమున నిద్ర లేచెదము. పిమ్మట పొయ్యి వెలిగించెదము," అంది సారక్క, టేపురికార్డరుకేసి చూస్తూ.

మొగిలి మీట నొక్కి రీలు ఆపేశాడు. పొద్దున్నుంచీ ఇదే వరస. మాట్లాడుతున్నది తన అక్కేనా, రేడియో నాటకంలో మహారాణియా అని అనుమానం వచ్చేలా ఉంది. పెట్టెలోంచి పెళ్ళినాటి చీర తీసి కట్టుకుని మరీ కూర్చుంది.

మొగిలి నగరంలో భాషాశాస్త్రం ఎమ్మే చదువుతున్నాడు. గోదావరిఖని కార్మికుల ఇళ్ళలో మాట్లాడే తెలుగు మీద పరిశోధన వ్యాసం రాస్తానని అతను అడిగినప్పుడు ఆచార్య వామనరావు గారు పెదవి విరిచారు. ఆయనది ఈ పక్కనే ఉన్న మంథని. అయినా క్లాసులో నోరు విప్పితే ఆకాశవాణి వార్తలే. "సహజమైన మాట రికార్డు చేసి సోమవారం వినిపించు. లేదంటే తెలుగు, కన్నడ చంపూకావ్యాల తులనాత్మక అధ్యయనం తీసుకో," అని డిపార్టుమెంటుకున్న ఒకే ఒక్క టేపురికార్డరు చేతికిచ్చారు. ఆ కావ్యాల్లో పడితే మొగిలి మళ్ళీ తేలడు. పైగా అతనికి ఈ చదువు మీద ఇష్టం పుట్టిందే అక్క మాటల వల్ల. సారక్క నల్లా దగ్గర నోరు తెరిస్తే వరసలో ఉన్నవాళ్ళు బిందెలు మరిచిపోయి వింటారని ఆయన ముందు గొప్పలు కూడా పోయాడు.

తీరా చూస్తే ఇదీ సంగతి. మొగిలి మళ్ళీ మీట నొక్కి, డిపార్టుమెంటు వాళ్ళు అచ్చువేసి ఇచ్చిన ప్రశ్నల కాగితం తీశాడు. ప్రశ్నను ఒక్క అక్షరం మార్చకుండా అడగాలని వాళ్ళ నియమం. ఉల్లిగడ్డ చేతిలో పట్టుకుని చదివాడు.

"మీరు దీనిని ఏమంటారు?"

సారక్క ఉల్లిగడ్డను చూసింది. తమ్ముడి మొహం చూసింది.

"ఉల్లిపాయ అందుమండి."

ఆ ఇంట్లో ఉల్లిపాయ అన్న మాట పుట్టి బుద్ధెరిగి ఎవరూ అనలేదు. మొగిలికి ఒళ్ళు మండిపోయింది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చి మంచం మీద పడుకున్న బావ ఆగయ్య నవ్వాపుకోలేకపోయాడు. "ఏంది బామ్మర్దీ, మీ అక్కను గవర్నర్‌గిట్ల చేసిన్రా? నాతోని ఒక్కనాడన్న గింత మర్యాదగ మాట్లాడకపాయె."

"నువ్వు ఊకో బావా," అని మొగిలి కసిరాడు. బొగ్గు పొయ్యి పొగకి కళ్ళు మండుతున్నాయి, సాయంత్రం రామగుండంలో రైలెక్కాలి, రీలు సగానికి పైగా తిరిగిపోయింది. సహనం చచ్చి గొంతు పెంచాడు. "మీరు ఇలా కాదు, మామూలుగా మాట్లాడండి. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి."

కోపంలో కూడా అతని నోట కాగితం భాషే వచ్చింది.

సారక్క కొంగు దులుపుకుని లేచింది.

"మామూలుగనా? నువ్వు మామూలుగ మాట్లాడుతున్నవా? పొద్దుగాల్నుంచి మీరు, మీరు అనుకుంట అడుగుతున్నవ్. నేనేమన్న పట్వారి పెండ్లాన్నా? అవ్వ పోయినంక నిన్ను సంకలేసుకొని ఈ ఖనికి వచ్చిన. నీకు బువ్వ తినిపిచ్చినంకనే నేను తిన్న. ఇయ్యాల మిషిను ముందట ఒక్కపారి గూడ అక్కా అనకపోతివి. నేను నీకు ఎన్నడు పరాయిదాన్నయిన?"

చివరి మాట ఏడుపులో కలిసిపోయింది.

"కాయితంల అట్లనే ఉన్నది అక్కా," అన్నాడు మొగిలి.

"అక్కను ఎట్ల పిలువాలెనో గూడ కాయితమే చెప్తదారా నీకు?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆగయ్య నవ్వడం మానేసి అటు తిరిగి పడుకున్నాడు. మొగిలి వంగి చూస్తే రీలు ఇంకా తిరుగుతోంది. అక్క ఏడుస్తోందన్న బాధ కంటే ముందు అతనికి సంతోషం కలిగింది. మాట దొరికిందన్న సంతోషం. అది తెలిసి తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం సారక్క సద్ది కట్టి ఇచ్చింది. పైలంగ పొమ్మంది.

సోమవారం వామనరావు గారు కళ్ళు మూసుకుని టేపు విన్నారు. ప్రాతఃకాలానికి నొసలు చిట్లించారు. ఉల్లిపాయకి చెయ్యి అడ్డంగా ఊపారు. చంపూకావ్యాలు తప్పవని మొగిలి నిశ్చయానికి వచ్చేశాడు. అప్పుడు సారక్క తిట్లు మొదలయ్యాయి. ఆయన కళ్ళు తెరిచి కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇదోయ్ కావలసింది. ఎవరీవిడ?"

"మా అక్క సార్."

"చాలా బాగుంది. నీ అంశం ఖాయం. ఈ భాగమంతా లిపిలో రాసి వ్యాసానికి జతచెయ్యి. అయితే నీ మాటలు మాత్రం తీసెయ్. మన వైపు అక్కను మీరనేవాడు ఎక్కడైనా ఉన్నాడా? వింటే ఎవరూ నమ్మరు. ఆవిడ మాటలే ఉంచు."

మొగిలి తలూపాడు. కోరుకున్నది చేతికొచ్చింది. కానీ లేచి వెళ్ళిపోవాలనిపించింది.

ఆయన అప్పటికే పెన్సిలు చెక్కుతున్నారు. "ఆ వాక్యం, పరాయిదాన్నయిన అన్నది. దాని చివరి అచ్చు హ్రస్వమా, దీర్ఘమా? ఏడుపులో తెలియడం లేదు. మళ్ళీ పెట్టు."

మొగిలి పెట్టాడు. నేను నీకు ఎన్నడు పరాయిదాన్నయిన, అంది సారక్క.

"హ్రస్వమే సార్," అన్నాడు అతను గబగబా.

"మీ అక్క కనుక నీకు అలా వినిపిస్తోంది. ఊహించి రాయకూడదోయ్. ఇంకోసారి పెట్టు, ఈసారి నెమ్మదిగా."

మొగిలి రీలు వెనక్కి తిప్పాడు.