బొంతలో సూదిమొన

నా మిషన్లో సూది విరిగితే తప్ప మారదు. ఈ బెంగళూరులోనే గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ పొద్దున లైనులో కూర్చోగానే కొత్త సూది ఇచ్చేవాళ్ళు, పాతది వాళ్ళే తీసుకుపోయేవాళ్ళు. అక్కడ మానేసి ఇంట్లో మిషన్ పెట్టుకున్నాక ఆ దర్జా ఎక్కడిది! బ్లౌజులు కుట్టే పద్నాలుగో నంబరు సూదితోనే చీరల ఫాల్సు, దాంతోనే దిండు గలీబులు, దాంతోనే పక్కింటి పిల్లల బడి సంచులు. కుట్టు పడుతున్నంతకాలం సూది బాగున్నట్టే. నా ఒంటి సంగతి కూడా అంతే. లేచి తిరుగుతున్నాను కాబట్టి బాగున్నట్టే.

ఈసారి కుట్టాల్సింది బొంత. మా అత్త మునివెంకటమ్మ కట్టికట్టి మెత్తబడిన చీరలు నాలుగు పొరలు, మధ్యలో మామ పాత పంచెలు. నా ఆడబిడ్డ సుజాతకు మనవరాలు పుట్టింది. రేపు పొద్దున హొసకోటెలో ఉయ్యాల. మా ఇళ్ళలో బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసేటప్పుడు కింద పరిచేది ముత్తవ్వ చీరలతో కుట్టిన బొంతే. ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ అత్తే చేత్తో కుట్టింది. ఇప్పుడామెకు చూపు పోయింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే. సూదికి దారం ఎక్కించబోయి ఎక్కించబోయి విసిగి, చీరలన్నీ తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"నా చీరలుండాయి, నీ మిషనుండాది. ఇద్దురమూ కలిసి కుట్టినట్టే గదా," అంది.

కలిసి అంటే, తొక్కేది నేను, మంచంమీద కూర్చుని చెప్పేది ఆమె.

సుజాత అప్పటికే దోమతెరతో సహా ఒక మెత్తటి పరుపు కొనిపెట్టింది. "బొంత వస్తే వేస్తాం వదినా, ల్యాకుంటే ఇది ఉండనే ఉండాది," అని ఫోన్లో అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. ఆ మాట అత్త వినింది. అప్పటినుంచి బొంత ఎంతవరకు వచ్చిందని నా ప్రాణం తోడేస్తోంది. పాపం, ఆమె దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది? బిడ్డ ఆ పరుపుమీద పడుకుంటే ఆ ఉయ్యాలలో తనది ఒక్క నూలుపోగైనా ఉండదు. ఆ సంగతి ఆమె నోరు తెరిచి చెప్పలేదు, నాకే అర్థమైంది. అందుకే మోకాళ్ళు పీకుతున్నా తొక్కుతూ వచ్చాను.

సాయంత్రానికి అంచు ఒకటే మిగిలింది. అంచు అంటే పొరలన్నీ మడతపడి ఒకచోటికి చేరేది. అక్కడికి వచ్చేసరికి మిషన్ మొండికేసింది. నాలుగు కుట్లు పడితే రెండు తప్పుతున్నాయి. దారం పీలికలై తెగుతోంది. సూదిమొన మీద గోటితో రాసి చూశాను. గరుకుగా తగిలింది. బొంతకు పద్దెనిమిదో నంబరు కావాలని, ఇంత సన్నది ఆగదని నాకు తెలియక కాదు. ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నాను. నా బతుకంతా ఎలాగోలా నెట్టుకురావడమే.

వీధి చివర వెంకటరాయప్ప అంగడికి పరుగెత్తాను. దారాలు, గుండీలు, సూదులు ఆయన దగ్గరే దొరుకుతాయి. నేను వెళ్ళేసరికి దేవుడి పటం ముందు ఊదువత్తి వెలుగుతోంది.

"అప్పా, పద్దెనిమిదో నంబరు మిషను సూది ఒగటియ్యి."

"దీపం పెట్టేసినానమ్మా. దీపం పెట్టినాక సూది ఇయ్యను. పొద్దున రా."

"పొద్దున్నే హొసకోటెకు పోవాల. బిడ్డకు బొంత అప్పా."

"బిడ్డకంటే ఇంకా ఇయ్యకూడదు," అన్నాడు. ఎంత బతిమాలినా గాజు పెట్టె మూత తీయలేదు. అదే చేత్తో పక్కనున్న అబ్బాయికి ఫోన్ రీచార్జి చేసి ఇచ్చాడు. లక్ష్మి సూదితోనే పోతుంది కాబోలు!

పది నిమిషాల్లో ఏదైనా తెచ్చిస్తామనే యాప్‌లో కూడా వెతికాను. చేతి సూదులున్నాయి, స్వెటర్లు అల్లే సూదులున్నాయి, మిషన్ సూది మాత్రం లేదు. బళేపేటకు పోయిరావాలంటే ఆ ట్రాఫిక్‌లో నేను వెళ్ళేలోపు అంగళ్ళు మూసేస్తారు. మా ఆయన దేవనహళ్ళి వైపు ఎయిర్‌పోర్టు ట్రిప్పుల్లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. తిట్టుకుంటూ ఇంటికొచ్చి పాత సూదితోనే మొదలుపెట్టాను. ఇక మిగిలింది జానెడు అంచే. చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేస్తే అయిపోతుందనుకున్నాను.

మూలమీద టక్కుమంది.

స్క్రూ వదులు చేసి సూది మొదలు ముక్క బయటికి తీశాను. మధ్య ముక్క ప్లేటుమీద పడి ఉంది. మొన లేదు. బాబిన్ తీసి చూశాను. మిషన్ కింద, నా ఒళ్ళో, నేలమీద, టార్చి వేసి మరీ చూశాను. ఎక్కడా లేదు. ఇక మిగిలింది బొంతే.

గార్మెంట్స్‌లో సూది విరిగితే ముక్కలన్నీ ఏరి పక్కపక్కనే పెట్టి, మళ్ళీ పూర్తి సూది అయినట్టు చూపించాలి. అప్పుడే ఇంకో సూది. ఒక్క తునక తగ్గినా ఆ కట్ట మొత్తం పక్కన పెట్టేసి, లైను ఆపి, సూపర్‌వైజర్ హరీశ్ మా అందరినీ నేలమీద పాకించేవాడు. ఎక్కడో దేశం కాని దేశంలో ఎవరి బిడ్డకో గుచ్చుకుంటుందని ఇంత రాద్ధాంతమా అని కడుపు మండేది. ఈ రోజు ఎవరూ చెప్పకుండానే నేలమీద పాకాను.

ఫ్రిజ్ తలుపుకున్న మామిడికాయ బొమ్మ అయస్కాంతం పీకి బొంతంతా తిప్పాను. అది తలుపుమీదే సరిగ్గా నిలవదు, ఇన్ని పొరల్లోంచి ఏం లాగుతుంది! అరచేత్తో నొక్కుకుంటూ వచ్చాను. రోజంతా గుడ్డ తోసి తోసి చేతులు మొద్దుబారిపోయాయి. నలిగిన కుట్టేదో, సూదిమొనేదో తెలియడం లేదు. మొత్తం విప్పితే రేపటికి బొంత ఉండదు.

నిజం చెప్పొద్దూ, నోరు మూసుకుని మడిచేద్దామా అనిపించింది. నా మోకాళ్ళు అలా అనిపించాయి. కానీ పసిబిడ్డ వీపు గుర్తొచ్చింది.

"ఏమిటికే హేమా, మిషను నిలిచిపోయె?" అత్త మంచంమీంచి అడిగింది.

చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను, లేదంటే నన్ను తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. "బొంత నేలమీద పరుచు," అంది.

"ఎందుకత్తా?"

"తొక్కుతా. ఈ కాళ్ళు బెంగళూరులో ఎన్ని బిల్డింగులకు ఇటుకలు మోసినాయో నీకేం తెలుసు. చెప్పుల్లేకుండా మోసినా. చీకట్లో ఇనుప మొల ఉంటే గుచ్చుకోకముందే తెలిసేది."

"నేను తొక్కుతాలే. నీకు షుగరుండాది. గాయమైతే మానదు."

"నువ్వు చెప్పులేసుకుని తిరిగేదానివి. నీ కాళ్ళకేం తెలుస్తాది! ఇన్ని కుట్టినాను, ఈ ఒక్కదాంట్లో నా చెయ్యి పడలేదు. కాలన్నా పడనీ."

గట్టిగా వద్దనాల్సింది. వద్దని వాదించే ఓపిక కూడా నాలో లేదు. బొంత పరిచాను. అత్త నా భుజం పట్టుకుని ఎక్కింది. ఆ అంచునుంచి ఈ అంచుకు, మళ్ళీ ఈ అంచునుంచి ఆ అంచుకు, మడమ ఆనించి, పాదమంతా మోపి, ఒత్తి చూసుకుంటూ నడిచింది. నడుస్తూనే కింద ఏ చీర ఉందో అడిగింది. నేను రంగు చెబితే అది ఎప్పటిదో చెప్పింది. పచ్చది సుజాత కడుపులో ఉన్నప్పటిది. బూడిదరంగుది మామ మొదటిసారి కూలి డబ్బులు తాగకుండా ఇంటికి తెచ్చిన వారంలోది. ఆమె ముఖం చూస్తే నాకే సంతోషమనిపించింది. ఎన్నాళ్ళకో ఆమెకొక పని దొరికింది.

చివరి మూల దాకా తొక్కి దిగింది.

"ఏమీల్యా. శుభ్రంగా ఉండాది. ఆ మొన యాడో ఎగిరి పడింటాది. మడిచి సంచిలో పెట్టు."

నా గుండెలమీంచి బండ దించినట్టయింది. మంచంమీద కూర్చోబెట్టి, బొంత మడవడానికి వంగాను. నడిమధ్యలో చిన్న ఎర్రచుక్క కనిపించింది. చీరలో పువ్వేమోనని గోటితో గీకాను. వేలికి తడి అంటింది. అడుగు దూరంలో ఇంకో చుక్క. అక్కడినుంచి వరసగా చివరి మూలదాకా, మూల దిగాక గచ్చుమీద, గచ్చుమీంచి మంచందాకా.

లైటు దగ్గరికి లాగి ఆమె కుడి పాదం ఎత్తి చూశాను. మడమలో మొన దిగి ఉంది. సగం బొంత దానిమీదే తొక్కి వచ్చింది.

దారాలు పీకే చిమటాతో పట్టి లాగాను. లోతుగా దిగింది, రెండుసార్లు జారింది. అంతసేపూ అత్త, అంచుకు ఏ రంగు దారం వేశావని అడుగుతూనే ఉంది. మొన తెచ్చి మిగతా రెండు ముక్కల పక్కన పెట్టాను. సరిపోయింది. బొంతలో ఇంకేమీ లేదు. రక్తం తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, మిగిలిన జానెడూ చేత్తో కుట్టేస్తే రేపు బిడ్డ కింద పరచొచ్చు. నాకు కావాల్సింది అదే.

"దొరికిందత్తా," అన్నాను.

"యాడ?"

"నీ కాల్లో."

నవ్వింది. "పోవే. నాకు తెలియకుండా నా కాల్లోకి ఎట్లొస్తాది?"

ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది. మళ్ళీ తనే సర్దుకుని, "బొంత సరిగ్గా ఉండాది గదా? బిడ్డకేం భయం ల్యా గదా?" అంది.

"ఏం భయం లేదు."

"అది చాలు."

మందు సీసా తెచ్చి కింద కూర్చున్నాను. కాలు ఒళ్ళో పెట్టుకుని, గాయం మీద పోశాను. బొటనవేలితో గట్టిగా అదిమిపట్టాను. వెచ్చటి పాదం, ఇంట్లో అందరికన్నా గట్టి పాదం. నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకు వినపడకూడదని పెదవి కొరుక్కున్నాను.

అత్త పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు ముఖం పెట్టి, రాబోయే మంటను ఓర్చుకోవడానికి మంచం పట్టె గట్టిగా పట్టుకుని కాచుకుని కూర్చుంది. కాసేపు చూసి విసుక్కుంది.

"ఏమే, సుమ్నే ఊరక కూర్చున్నావు? మందు పొయ్యి."