గాలి పట్టించిన కోటు

హోటలు దుప్పట్లు నడుమెత్తు గుట్టగా పడి ఉండగానే, ఓనరు ఆ కోటు తెచ్చి వాటి మీద పడేశాడు. ఆవపువ్వు రంగు, మోకాళ్ళ దాకా పొడవు, పెద్ద పెద్ద గోధుమరంగు బొత్తాలు. ఆవిరక్క చేతిలోని ఇస్త్రీపెట్టె కదలడం మానేసింది. కాలిన వాసన ముక్కుకి తగిలాక గానీ ఎత్తలేదు.

"నల్లరంగు వెయ్యాలంట. ఆ పాటల టీచరే తెచ్చిచ్చింది, ఇవాళే కావాలంట," అన్నాడు ఓనరు. దుప్పటి మీద పడిన ఇస్త్రీపెట్టె ఆకారాన్ని కాసేపు చూశాడు. "ఈ దుప్పటి నీ కూలిలోంచి పోతుంది. అది వేరే సంగతి."

ఆ లాండ్రీలో ఆవిరి బల్ల దగ్గర నిలబడీ నిలబడీ ఆమెకి ఆ పేరు వచ్చింది. పెట్టినవాళ్ళలో సగం మంది మోకాళ్ళు అరిగి మానేశారు. పేరు మాత్రం మానలేదు. రోజంతా నిలబడితే వచ్చే కూలితో అలాంటి కోటుని ఒకసారి ఉతికించుకోవచ్చు. కొనాలంటే మాత్రం చలికాలమంతా ఇంటిల్లిపాదీ తిండి మానెయ్యాలి.

ప్రతి పనిచోటా బయటికి చెప్పుకోని అలవాటు ఒకటుంటుంది. ఈ లాండ్రీలో దాన్ని 'గాలి పట్టించడం' అంటారు. ఉతికి సిద్ధంగా ఉన్న బట్టని, సొంతదారు వచ్చేలోగా ఎవరో ఒకరు ఒక పూట వేసుకెళ్ళి, తిరిగొచ్చి ఆవిరి పట్టి, మళ్ళీ కొక్కేనికి తగిలిస్తారు. తప్పంటే తప్పే. కానీ ఓనరు కూడా తన బావమరిది పెళ్ళికి ఒక వకీలుగారి సూటులోనే వెళ్ళాడు. అదే పెళ్ళికి వచ్చిన వకీలుగారు ఆ సూటుని ఎగాదిగా చూసి, మనిద్దరి అభిరుచీ ఒకటేనండీ అని మెచ్చుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆవిరక్క ఎప్పుడూ ఎవరిదో ఒక స్కార్ఫు దాటి ముందుకి పోలేదు. పోయిన వారం మాత్రం ఈ కోటు దాకా వెళ్ళింది. అందుకు కారణం తోడికోడలు. తోడికోడలు కొత్త ఇంట్లోకి మారి, వచ్చి చూసి వెళ్ళమని కబురు చేసింది. ఆ ఇంటికి ఎవరెళ్ళినా, కూర్చోమనే లోపే ఆమె చూపు చెప్పుల దగ్గర మొదలై తల దాకా పాకి మనిషికి ధర కట్టేస్తుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ చూపు సగంలో ఆగింది. ఎంత పెట్టి కొన్నావని అడిగింది. మీ మరిది తెచ్చాడక్కా, నేను ధర అడగలేదు అంది ఆవిరక్క. ఆ ఒక్క మాట అనడానికే ఆమె రెండు బస్సులు మారి వెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. తలకి తన స్కార్ఫు చుట్టుకుని, పెద్ద రోడ్డు కింద ఉన్న సబ్‌వేలోకి దిగింది. మెట్ల మీద ఎవడో కుర్రాడు కింది నుంచి పరిగెత్తుకొస్తూ ఆమెని భుజంతో గుద్ది పైకెళ్ళిపోయాడు. ఆమె ముందు కోటు చెయ్యి చూసుకుంది, మరకైందేమోనని. కాలేదు. కింద, పేపర్లమ్మే ముసలాయన నీళ్ళలో పడి ఉన్నాడు. చుట్టూ పేపర్లు తేలుతున్నాయి. తాగి పడిపోయాడనుకుంది. అలా అనుకోవడం తేలిక కాబట్టి అనుకుంది. ఆయన చెయ్యి లేపాడు. ఆ చేతినిండా బురద. కోటు అంచు పట్టుకుంటాడేమోనని భయమేసి, అంచులు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయింది. పరాయి కోటు మరి.

ముసలాయనకి తలకి దెబ్బ తగిలిందనీ, ఎవరో తోసేసి డబ్బు సంచి లాక్కుపోయారనీ, ఆస్పత్రిలో ఇంకా తెలివి రాలేదనీ మర్నాడు అందరి ఫోన్లలోనూ వచ్చింది. తెచ్చింది 'వెయ్యి కళ్ళు'.

పోలీస్ స్టేషన్‌లో మనుషులు చాలక పెట్టిన యాప్ అది. దుకాణాల కెమెరాల్లోనో, కార్లకున్న కెమెరాల్లోనో పడిన వీడియోలు ఎవరైనా పంపొచ్చు. అందులో ఉన్నది ఎవరో మిగతావాళ్ళు పేరు నొక్కొచ్చు. నొక్కిన పేరు నిజమైతే పాయింట్లు వస్తాయి. పాయింట్లు పెరిగేకొద్దీ మనిషి ముందు పిచ్చుక అవుతాడు, తర్వాత కాకి, ఆ పైన డేగ. కాకి దగ్గర ఆగిపోయినవాళ్ళు ఆ మాట బయట చెప్పుకోరు. మంచి జరగలేదని కాదు. తప్పిపోయిన పిల్ల ఒకతి పూట తిరగకుండా ఇల్లు చేరింది. సైకిళ్ళ దొంగ ఒకడు ఊరొదిలి పోయాడు. అందుకే జనం ఆ యాప్‌ని నమ్మారు.

సబ్‌వే దగ్గరి కెమెరా వీడియోలో వాన వల్ల అంతా బూడిద రంగే. గోడలూ గొడుగులూ మనుషులూ ఒక్కలాగే ఉన్నారు. రంగున్నది ఒక్క కోటుకే. మొహానికి స్కార్ఫు అడ్డు. పరిగెత్తే కుర్రాడు కూడా ఒక మూల కనిపిస్తాడు గానీ, వాడు బూడిదలో బూడిద. వాణ్ణి గురించి ఎవరూ అడగలేదు.

సాయంత్రానికి ఎవరో అన్నారు, అది పాటల టీచరు కోటు కదా అని. రొట్టెల దుకాణం పైన గదిలో ఒక్కతే ఉంటుంది. మొగుడితో పడక విడిపోయింది. పిల్లలకి పాటలు నేర్పి బతుకుతుంది. ఒంటరి ఆడదానికి అంత మంచి కోటు ఎక్కడిదన్న ప్రశ్న ఆ వీధిలో చలికాలం మొదట్నుంచీ ఉంది. ఇప్పుడు జవాబు దొరికింది. నూటికి తొంభై మంది ఆమె పేరే నొక్కారు. పాటలకొచ్చే పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. కిటికీ అద్దం పగిలింది. ఆమె మెట్ల ఫొటో కూడా ఎవరో యాప్‌లో పెట్టారు, కొత్తవాళ్ళకి దారి తెలియాలి కదా. స్టేషన్‌వాళ్ళు మాత్రం, మేం ఎవరి పేరూ చెప్పలేదమ్మా, చెబుతున్నది ప్రజలు అన్నారు.

ఇవన్నీ ఆవిరక్క రోజూ ఫోనులో చూస్తూనే ఉంది. మొగుడితో చెబుదామని నోటిదాకా తెచ్చుకునేది, మింగేసేది. కోటు కంటికి కనబడనంత కాలం అది ఎక్కడో జరుగుతున్నదిలే అనుకోగలిగింది. ఇప్పుడది ఆమె బల్ల మీదే ఉంది.

రంగుతొట్టి కింద మంట పెట్టి నీళ్ళు కాగబెడుతుండగా, వెనక తలుపు తోసుకుని తోడికోడలు వచ్చింది. అంత దూరం నుంచి ఆమె లాండ్రీకి రావడం ఇదే మొదలు. కళ్ళజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే ఈ మనిషి, యాప్‌లో డేగ.

"ఆ కోటు ఏం చేశావు?" అంది, గొంతు తగ్గించి.

"ఏ కోటక్కా?"

"నా దగ్గరా నాటకాలు? వీడియో చూడగానే నడక పోల్చుకున్నాను. పదేళ్ళు ఒకే వంటింట్లో తిరిగినవాళ్ళం కదే."

ఆవిరక్క తొట్టి దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. "నా పేరు నొక్కావా?"

"పిచ్చి మొహమా. టీచరు పేరు నొక్కాను. డేగ నొక్కితే పదిమంది నొక్కినట్టు లెక్క. అప్పటిదాకా జనం అటూ ఇటూ ఊగుతున్నారు, నేను నొక్కాకే తేలింది."

చెల్లెలికి పెట్టుబడి చీర పెట్టినంత ప్రేమగా చెప్పింది ఆ మాట. మీ బావగారికి ప్రమోషను వచ్చే సమయమనీ, ఇంటి పరువు నీ నోట్లో ఉందనీ, ఆ నోరు తెరవకుండా ఉంటే చాలనీ చెప్పింది. గుమ్మం దాటబోతూ ఆగింది. "మరిది కొన్నాడంటే నమ్మాను చూడు," అంది, "దానికి నన్ను నేను కొట్టుకోవాలి."

ఆమె వెళ్ళి ఎదురుగా మందుల దుకాణం అరుగు మీద నిలబడింది. లోపల తెర సందులోంచి ఆవిరక్కకి ఆ చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి.

కాసేపటికి పాటల టీచరు వచ్చింది. ఓనరు అప్పుడే ఫోను వచ్చి బయటికెళ్ళాడు. కౌంటరు దగ్గరికి ఆవిరక్కే వెళ్ళాల్సి వచ్చింది. టీచరు చెంగు లాగి మొహం సగం కప్పుకుంది. రంగు అయిందా అని అడిగింది. ఇంకా కాలేదని తెలిసి, బెంచీ మీద కూర్చోవచ్చా అని అడిగింది. ఈ మధ్య కూర్చోవడానికి కూడా అనుమతి అడగడం అలవాటైనట్టుంది.

వాన పడ్డ రోజు కోటు ఇక్కడే ఉందని ఆమె స్టేషన్‌లో చెప్పింది. అంతకు ముందు రోజే ఆమె పట్టుకెళ్ళిందని ఓనరు చెప్పాడు. ఆ ముక్కలన్నీ మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పుకొచ్చింది.

"అంతమంది నన్ను చూశామంటున్నారు కదా," అంది. "నిన్న నాకే అనుమానం వచ్చింది, నేనే వెళ్ళానేమో, మర్చిపోయానేమోనని. మీకేమన్నా గుర్తుందా అమ్మా? ఆ రోజు ఇది మీ దగ్గరే ఉంది కదూ?"

ఆవిరక్క కౌంటరు మీది రసీదులు సర్దింది.

"ఇక్కడ చాలా బట్టలుంటాయండీ," అంది.

టీచరు తలూపింది, ఆ మాటే వస్తుందని ముందే తెలిసినట్టు. నల్లరంగైతే కనీసం రోడ్డు మీద నడవచ్చని ఆశ అంది. ఆవిరక్క తెర వెనక్కి వచ్చేసింది.

ఓనరు పరుగులాంటి నడకతో వెనక తలుపులోంచి వచ్చాడు. కోటు కోసం స్టేషన్ మనిషి వస్తున్నాడనీ, ఆ మాట ఎలా పొక్కిందో వెనకాల ఫోన్లు పట్టుకుని జనం కూడా వస్తున్నారనీ చెప్పాడు. కోటు తొట్టిలో పడెయ్యమన్నాడు. బట్టలకి గాలి పట్టిస్తామని బయటపడితే రేపు ఈ కొట్టుకి జేబురుమాలు కూడా రాదన్నాడు.

"వేసుకెళ్ళింది ఎవరో నాకు తెలీదనుకున్నావా? నేను కాపాడుతున్నది నిన్నే."

ఇంతమంది తనని కాపాడటం ఆవిరక్కకి పుట్టాక ఇదే మొదటిసారి. తోడికోడలు కాపాడింది, ఓనరు కాపాడుతున్నాడు, ఊరు ఊరంతా తెలియకుండానే కాపాడింది. అందుకు కావాల్సిందల్లా బెంచీ మీద కూర్చున్న ఆ ఒక్క మనిషి.

కోటుని తొట్టి మీదికి తెచ్చింది. నల్లటి నీళ్ళు బుడబుడ మరుగుతున్నాయి, ఆవిరి కళ్ళలోకి కొట్టింది. అంచు చేతికి తగిలింది. తిప్పి చూసింది. శుభ్రంగా ఉంది. బురద చుక్క కూడా లేదు. ఎంత జాగ్రత్తగా ఎత్తి పట్టుకుందో ఆ రోజు.

"వెయ్యను," అంది.

ఓనరుకి వినబడలేదు. లేదా వినబడనట్టు ఉన్నాడు. "ఏంటి?"

"నేను దీనికి రంగు వెయ్యనండి."

అతను కోటు లాక్కోబోయాడు. ఆమె వెనక్కి జరిగి, దాచడానికి మరో చోటు తోచక, అందులోనే ఒక చెయ్యి దూర్చింది. తర్వాత రెండోది. బొత్తాలు పెట్టుకుంది, కింది బొత్తం జారిపోతూనే ఉంది. కొక్కేనికున్న తన స్కార్ఫు తీసి ఆ రోజు చుట్టుకున్నట్టే తలకి చుట్టుకుంది. ఓనరు బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. ఆమె తెర తప్పించి ముందు గదిలోకి వచ్చింది.

టీచరు బెంచీ మీంచి లేచి నిలబడింది. ఇన్ని రోజులుగా అందరూ తనే అని చెప్పిన ఆ వీడియోలోని మనిషిని ఎదురుగా చూస్తోంది.

అద్దం తలుపు అవతల జనం. స్టేషన్ మనిషి చెయ్యి తలుపు పిడి మీదే ఉంది, తొయ్యలేదు. టీచర్ని చూశాడు, కోటుని చూశాడు. ఒక ఫోను పైకి లేచింది, దాని పక్కన ఇంకొకటి, ఆ తర్వాత లెక్క తెలియలేదు. ఆవిరక్క తలుపు దగ్గరికి నడిచింది. ఈసారి స్కార్ఫుని మొహం మీంచి పక్కకి లాగింది.

"మెట్ల మీద ఒక కుర్రాడు నన్ను గుద్దుకుని పరిగెత్తాడు," అంది. గొంతు అద్దం దాటిందో లేదో తెలియదు. "ముసలాయన నాకు చెయ్యి చాపాడు. నేను..."

అద్దం అవతల, అందరికంటే వెనక, మందుల దుకాణం అరుగు మీద, తోడికోడలు ఫోను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది. ఆమె బొటనవేలు గాల్లో ఉంది. ఇంకా నొక్కలేదు.