ఒకే తీగ, రెండు పేర్లు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొద్దుటి నుంచి ఆమె అరవై మూడు మొక్కలను అట్టల మీద అంటించింది. ఇంకా నలభై ఉన్నాయి. ఆకులను ఆరబెట్టే బీరువా పక్కనే ఆమె బల్ల. ఆ వేడికి ఆకుల్లో తడితో పాటు మనిషిలో తడి కూడా ఇంకిపోతోంది. జిగురు తగిలినప్పుడల్లా వేళ్ల మీది పొక్కులు భగ్గుమంటున్నాయి. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని పని కానిస్తోంది.

ఆ మొక్కల పరిశోధనాలయంలో అందరూ ఆమెను జిగురక్క అంటారు. పదకొండేళ్లుగా రోజుకూలీ. అడవి నుంచి వచ్చిన ప్రతి మొక్కనూ కాగితాల మధ్య అదిమి, ఆరబెట్టి, అట్టకు అంటించి, నంబరూ వివరాలూ రిజిస్టరులో ఎక్కించేది ఆమే. చెట్లెక్కి కోసుకొచ్చేది ఆమె తమ్ముడు. వాణ్ణి ఉడుత అంటారు. ఇద్దరి నెల కూలీ కలిపినా డైరెక్టరుగారి కారు పెట్రోలుకు చాలదు. అయినా అచ్చయ్యే వ్యాసాల కింద ‘సేకరణ: డైరెక్టరు’ అనే ఉంటుంది. ఆయన చెట్టెక్కిన మాట అబద్ధమేమీ కాదు. ఒకసారి నడుముకు తాడు కట్టుకుని మొదటి కొమ్మ దాకా వెళ్లారు, ఫొటో తీసేవరకు ఉన్నారు, ఇద్దరు పట్టుకుంటే దిగారు. ఆ ఫొటో ఇప్పుడు వరండాలో తలుపంత పెద్దదిగా వేలాడుతోంది.

ఆ డైరెక్టరుగారే ఇవాళ రెండు అట్టలు పట్టుకుని స్వయంగా ఆమె బల్ల దగ్గరికి దయచేశారు. ఒక అట్ట మీద చొక్కా గుండీలంత గుండ్రటి ఆకులు. రెండో దాని మీద చేటంత ఆకు ఒక్కటే, అంచులన్నీ చీలికలు. రెండింటికీ నంబరు నాలుగువందల పన్నెండే, తీగల రిజిస్టర్లో అదే చివరి నంబరు.

“ఈ పెద్దాకు దానికి నాలుగువందల పదమూడు వెయ్యమ్మా. రిజిస్టర్లో కూడా మార్చు. రేపు బయటి నుంచి నిపుణులొస్తున్నారు.”

“రెండూ ఒకే తీగవి సార్. ఒకే మొక్క నుంచి ఎన్ని కోసినా ఒకే నంబరు వెయ్యాలని మీరేగా చెప్పారు.”

“అవి రెండు జాతులు. చూస్తే తెలియట్లేదూ?”

“కింద నీడలో చిన్నాకు వేస్తుంది సార్. పైకెళ్లి ఎండ తగిలాక పెద్దాకు వేస్తుంది. మా తమ్ముడు దాన్ని పట్టుకునే కింద నుంచి కొస దాకా ఎక్కాడు.”

“మీ తమ్ముడు చెట్లెక్కుతాడు. జాతులు తేల్చేది మేము.”

ఎలా తేల్చారో ఆ భవనంలో తెలియని వాళ్లు లేరు. చిన్నాకు తీగ పసరు ఒంటిని కాలుస్తుందని, మందుల్లో వాడకూడదని అరవై ఏళ్లుగా ప్రభుత్వ జాబితాలో ఉంది. ఒక మందుల కంపెనీ పెద్దాకుతో కీళ్లనొప్పుల లేపనం తయారుచేసింది. రెండూ ఒకే జాతి అయితే ఆ లేపనం బజారులోకి రాదు. వేరు జాతి అయితే ఏ జాబితా అడ్డురాదు. అందుకని డైరెక్టరుగారి సూక్ష్మదర్శినికి ఆకుల్లో ఎక్కడా లేని తేడాలన్నీ కనిపించాయి. కొత్త జాతికి కంపెనీ యజమాని పేరే పెట్టారు. ఆ యజమాని జన్మలో ఆ తీగను చూసి ఎరగడు. కానీ పరిశోధనాలయానికి కొత్త భవనం కట్టిస్తున్నాడు. ఇంత చదువు చదివి, ఇన్ని దేశాలు తిరిగి, చివరికి ఆయన నేర్చుకున్న శాస్త్రం ఇది.

ఒక్క అంకె అడ్డుపడింది. అది ఉన్న రిజిస్టరంతా జిగురక్క చేతిరాతే. మధ్యలో ఇంకొకరి చెయ్యి కనిపిస్తే నిపుణులు పట్టేస్తారు.

“నీ పర్మనెంటు ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది,” అన్నారాయన మెత్తగా. “వచ్చే నెలతో నీకు వయసు దాటిపోతుందట కదా. ఆలోచించుకో. మూడింటికి వస్తాను.”

ఆ ఆర్డరు కోసం ఆమె పదకొండేళ్లు ఎదురుచూసింది. వచ్చే నెల దాటితే ఇక ఆశ వదులుకోవలసిందే. అన్నం గిన్నె ముందు పెట్టుకుని వెనక మెట్ల మీద అలాగే కూర్చుండిపోయింది. ఉడుత కుంటుకుంటూ వచ్చి కింది మెట్టు మీద కూలబడ్డాడు.

“మార్చెయ్యక్కా. ఒక్క అంకె. పన్నెండు పదమూడైతే కొంపలంటుకుపోతాయా?”

“ఆ మందు ఎవరు పూసుకుంటార్రా?”

“ఎవరో మోకాళ్ల నొప్పులున్న వాళ్లు.”

“నీ మోకాళ్లెలా ఉన్నాయి?”

వాడు కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. ఇరవై ఏళ్లు చెట్లెక్కిన కాళ్లవి. కంపెనీ డబ్బా చవగ్గా దొరికితే ముందుగా కొనుక్కునేది తనలాంటి వాళ్లేనని వాడికప్పుడు తట్టింది. అన్నం తిననే లేదు, లేచి వెళ్లి సంచి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. నిన్న కంపెనీ కోసం కోసుకొచ్చిన పెద్దాకులు తడిగుడ్డలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మూడింటికి డైరెక్టరుగారు ఆర్డరు కాగితం, పెన్నూ పట్టుకుని వచ్చారు. ఆమె వేలికున్న పీలిక విప్పింది.

“చిన్నాకు ముట్టి రెండు నెలలైంది సార్. ఈ పొక్కులు నిన్న పెద్దాకు సర్దితే వచ్చినవి.”

“జిగురు పడి ఉండదు నీకు.”

“ఈ జిగురు పదకొండేళ్ల నుంచి పడుతోంది సార్.”

ఆమె గుడ్డ అంచుతో ఒక ఆకు పట్టుకుని ఆయన ముందు పెట్టింది. “ఇది మంచి మందేనంటున్నారుగా. ఒక్కసారి నలిపి అరచేతికి రాసుకోండి. మీకేం కాకపోతే ఇప్పుడే పదమూడు వేసేస్తాను.”

డైరెక్టరుగారు ఆకు వంక చూశారు. ఒక అడుగు వెనక్కి వేసి, కాగితమూ పెన్నూ బల్ల మీద పడేసి, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నారు.

“నాతో పరాచికాలాడకు. మారుస్తావా, మార్చవా?”

ఆమె రిజిస్టరు మూసి ఒళ్లో పెట్టుకుంది. సంతకం లేని ఆర్డరును వేలి కొసతో ఆయన వైపు జరిపింది.

“మార్చను సార్.”