వదులు ముడి

ఒంటరిగా ఉంటూ బడిలో పాఠాలు చెప్పే కవిత తన కుక్కపిల్ల జున్నుకు పిల్లలు పుట్టకుండా భూపాలపల్లి పశువుల దవాఖానలో ఆపరేషన్ చేయించింది. కాటారం తిరిగొచ్చిందో లేదో, రఘునాథపల్లిలో అక్కకు పురిటి నొప్పులు మొదలయ్యాయని ఫోను. పొట్ట మీద ఏడు కుట్లున్న ఆరు నెలల కుక్కను ఎవరికి అప్పగించాలి? గోడ అవతల జాకెట్లు కుట్టే జోహరాబీ ఉంది.

"పది దినాలు జర చూడు అక్కా. గాయం నాకనియ్యొద్దు, ఎగరనియ్యొద్దు, తడి తగలొద్దు. పదో దినం వచ్చి కుట్లిప్పిస్త, తీస్కపోత," అని చెప్పి కవిత బస్సెక్కింది.

జోహరాబీ భర్త రహ్మాన్ పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. వచ్చేవాళ్లు కొలత ఇచ్చిపోతారు, మళ్లీ వచ్చి జాకెట్టు పట్టుకుపోతారు, అంతే. కుక్క ఉన్న ఇంటికి ఫరిశ్తాలు, అంటే దేవదూతలు, రారని చిన్నప్పుడు విన్న మాట. అందుకని వరండాలో మిషను పక్కనే గోనెసంచి పరిచి, నమాజు వేళకు కాళ్లూ చేతులూ కడుక్కుని, చీర మార్చుకుని లోపలి గదిలోకి పోయేది.

దవాఖానవాళ్లు మెడకు తొడిగిన ప్లాస్టిక్ గరాటుతో జున్ను గడపకూ బకెట్లకూ గుద్దుకుంటుంటే చూడలేకపోయింది. అది తీసేసి, మిగిలిన లైనింగు గుడ్డతో నాలుగు కాళ్లకు సందులు పెట్టి, వీపు మీద నాడాలు కట్టేలా ఓ జాకెట్టు కుట్టింది. ఎదిగే పిల్ల కదా అని అలవాటుగా లోపల రెండు వేళ్ల బట్ట ఎక్కువ వదిలింది. పది రోజుల ముచ్చటకు ఎదుగుదలేమిటని అడగడానికి ఎవరూ లేరు.

రోజూ పొద్దున నాడాలు విప్పి గాయం చూసేది. ఉడికిన గుడ్డులో మందు గోలీ దాచి తినిపించేది. "నక్కో బేటీ, వద్దు," అని మందలించేది. రహ్మాన్ పోయాక ఆ ఇంట్లో దక్ఖినీ మాట పలకడం అదే మొదలు. మొదలయ్యాక మరి ఆగలేదు. ఆరేళ్ల మాటలన్నీ ఆ కుక్కపిల్ల చెవినే వేసింది.

ఎనిమిదో రోజుకు వాపు పోయింది, ఎరుపు పోయింది, గాయం చక్కగా అతుక్కుంది. సంతోషించాల్సింది పోయి జోహరాబీకి గుండె జారింది. ఎల్లుండి కవిత వచ్చేస్తుంది.

తొమ్మిదో రోజు నాడాలు కట్టింది గానీ బిగించలేదు. ఏం చేస్తోందో చేతులకు తెలుసు. మధ్యాహ్నం వెనక నుంచి నాకుతున్న చప్పుడు వినిపించింది. మిషను మరింత జోరుగా తొక్కింది.

ఆఖరికి తిరిగి చూసేసరికి మూడు కుట్లు తెగి, గాయం నోరు తెరిచి ఉంది. నెత్తురు ఊరుతోంది. జున్నును కొంగులో చుట్టుకుని భూపాలపల్లి బస్సు కోసం పరుగెత్తింది.

డాక్టర్ ప్రదీప్ మళ్లీ కుట్టాడు. సూది పొడుస్తుంటే జున్ను వణుకుతూ మూతిని ఆమె చంకలోకే దూర్చింది. గాయం చేయించింది ఆమేనని దానికేం తెలుసు?

"ఇంకో పది దినాలు పైలంగ చూసుకోవాలమ్మా," అన్నాడు డాక్టరు.

ఆమె కోరుకున్నదీ అదే. తీరా దొరికాక తీసుకోబుద్ధి కాలేదు. దవాఖాన మెట్ల మీద కూర్చుని కవితకు ఫోన్ చేసి, కుట్లు తెగిన సంగతీ మళ్లీ వేయించిన సంగతీ చెప్పింది.

"నువ్వుండబట్టి బతికింది అక్కా," అంది కవిత.

"నేనే ముడి బిగియ్యలే బిడ్డా. కావాల్నని చేసిన. నువ్వు తీస్కపోతే ఇంట్ల నాకు మాట్లాడనీకె ఎవరూ ఉండరు."

"పొద్దుగల్ల వస్తున్న," అని కవిత ఫోను పెట్టేసింది.

మర్నాడు వచ్చిన కవిత తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాడాలు ఎంత బిగించాలో చూపించి, జోహరాబీ జున్నును ఆమె చేతుల్లో పెట్టింది.

కవిత గడప దగ్గర ఆగింది. "నేను బడికి పోతే పగలంత ఇది ఒక్కతే ఉంటది. రోజూ నీ దగ్గర్నే ఇడిసిపోతనని అడుగుదామనుకున్న అక్కా. ఇప్పుడెట్ల ఇడువాలె?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. జోహరాబీ ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఇప్పుడు అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ మర్నాడు తొమ్మిదింటికి కవిత ఇంటికి తాళం వేసి బడికి పోయింది. సాయంత్రం దాకా గోడ అవతల జున్ను ఏడుస్తూనే ఉంది.